మసిగుడ్డ మొదలు వాసెన వరకు

మా యింటి వంటగదిలో పొయ్యికి కుడిప్రక్క గోడకొక మేకు, ఆ మేకునకొక గుడ్డ నా చిన్ననాట ఎల్లప్పుడును వ్రేలాడుచుండెడివి. ఒకప్పుడది మా నాయనమ్మగారి చీరలోని ముక్క. దానిని నాలుగు మడతలు పెట్టి, చుట్టును ముతక దారముతో కుట్టి, ఒక మూలకు ఉచ్చు వేసి తగిలించినారు. మేము దానిని మసిగుడ్డ అనెడివారము. ప్రక్కయింటి ఖాలా తన వంటగదిలోని అటువంటి గుడ్డనే సాఫీ అనెడిది. పేర్లు వేరైనను రెండిండ్లలోను దాని రంగు మాత్రము ఒక్కటే, నలుపు. ఆ గుడ్డను ఎవరును గౌరవించి యెరుగరు. అది కనబడని దినమున మాత్రము ఇంటిల్లిపాదియు దానికొరకు వెదకెడివారము.

కుట్టుపని అనగానే మన విద్యార్థినీ విద్యార్థులకు రవికలు, పరికిణీలు, దిండు గలీబుల మీది పూలు, మేజాబల్లపై పరచు అల్లిక గుడ్డలు జ్ఞప్తికి వచ్చును. కుట్టుపని ప్రదర్శనలలో బహుమతులును వానికే లభించును. వంటింటి గుడ్డలకు బహుమతి యిచ్చిన న్యాయనిర్ణేతను నేనింతవరకు చూడలేదు. కాని దినమునకు రెండుమూడు పర్యాయములు ఇంటిలోని ఒకరి చేతిని నిప్పునుండి కాపాడునది ఆ పూల గలీబు గాదు. కావున ఈ వ్యాసమున మసిగుడ్డ, వాసెన గుడ్డ, వడపోత సంచి, చుట్టకుదురు, దస్తర్‌ఖాన్ అను అయిదు వస్తువులను ఇంటనున్న పాతబట్టతో కుట్టు విధానమును వివరింపదలచితిని. ఇందులకు మిషను ఉన్న మంచిదే, లేకున్నను లోపము లేదు. సూది, నూలుదారము, కత్తెర, కొలబద్ద చాలును. వసతిగృహములలో నుండి స్వయముగా వండుకొను విద్యార్థులు ఇది ఆడవారి పని యని పుట త్రిప్పివేయరాదు. మన ఊళ్లలోని దర్జీలలో అధికులు పురుషులే గదా!

కొలతలు చెప్పుటకు ముందు గుడ్డను గురించి చెప్పవలసియున్నది. వంటింటి గుడ్డలకు కుట్టు వంకరగా ఉన్నను ప్రమాదము లేదు. గుడ్డ తప్పైనచో మాత్రము ప్రమాదము కలదు. 1941లో ఇంగ్లండులో టెరిలిన్ అను కృత్రిమ నార కనుగొనబడినది. ఆ జాతి నారనే నేడు మనము పాలియెస్టర్ అనుచున్నాము. అది నలుగదు, త్వరగా ఆరును, రంగు వీడదు. అందుచే ధరించు బట్టలలో దానికి గొప్ప స్థానము లభించినది. అయితే దాదాపు 260 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి అది కరగిపోవును. నైలానులలో కొన్ని అంతకంటె తక్కువ వేడికే కరగును. కరగిన నార చర్మమునకు అంటుకొని ఊడిరాదు గనుక ఆ గాయము మామూలు కాలుడుకంటె లోతుగా నుండును. నూలు అట్లు కరగదు. మిక్కిలి వేడికి మొదట గోధుమరంగు తిరుగును, పిదప మాడి పొగ వచ్చును, ఆ పొగ వాసన మనలను హెచ్చరించును. నూలునకు నిప్పంటుకొనదని కాదు, నిప్పంటుకొనును. కాని అంటుకొనుటకు ముందు తెలియజేయును.

ఇంటనున్న పాతచీర నూలుదో, కలనేతదో కంటితో చెప్పుట పెద్దవారికిని కష్టము. దీనికొక పరీక్ష కలదు. గుడ్డ అంచునుండి పడుగు దారము ఒకటి, పేక దారము ఒకటి విడివిడిగా లాగి, పట్టకారుతో పట్టుకొని, క్రింద నీళ్లు పోసిన పళ్లెముంచి, దీపముపై చూపవలెను. నూలైనచో కాగితము కాలిన వాసన వచ్చి, వ్రేలితో నలిపిన పొడియగు బూడిద మిగులును. పాలియెస్టరైనచో దారము ముడుచుకొని, కరగి, చివర గట్టి పూసవలె నల్లని ఉండ మిగులును. పట్టుదారము, ఉన్నిదారము కాలినచో వెండ్రుకలు కాలిన కంపు కొట్టును. పడుగు, పేక రెండింటిని ఎందులకు పరీక్షింపవలెనన, కొన్ని బట్టలలో ఒకటి నూలును రెండవది కృత్రిమ నారయు నుండును. కుట్టు దారమునకును ఇదే పరీక్ష చేయుడు. గుడ్డ నూలుదై దారము పాలియెస్టరుదైనచో వేడి గిన్నె తగిలినచోట కుట్లు కరగి పొరలు విడిపోవును. ఈ సంగతి మిషను కుట్టు బాగుగా తెలిసినవారును మరచుచుందురు. పరీక్షను చిన్నపిల్లలు ఒంటరిగా చేయరాదు.

రెండవ సంగతిని నేను పుస్తకమువలన గాక కాలు కాల్చుకొని నేర్చితిని. ఇంటర్మీడియట్ చదువుచున్న దినములలో ఒకనాడు అమ్మకు జ్వరము వచ్చి అన్నము వార్చు పని నాపై పడినది. గట్టు తుడిచిన మసిగుడ్డను పిండి, దానితోనే గంజి వార్చు తపేలా అంచులు పట్టుకొని లేవనెత్తితిని. నాలుగడుగులు వేయకముందే రెండు చేతులకును సూదులతో పొడిచినట్లైనది. తపేలా జారినది. గంజి కుడిపాదముపై పడినది. గుడ్డ చినిగియుండునని అమ్మ దానిని తిప్పి తిప్పి చూచినది, కాని ఒక్క చిల్లియు లేదు. నాలుగు పొరలును చెక్కుచెదరలేదు. దోషము తడిది. పొడిగుడ్డ మనలను కాపాడునది నూలుపోగులచేతనే కాదు, ఆ పోగుల నడుమ చిక్కుకొన్న గాలిచేత. గాలి వేడిని మిక్కిలి నెమ్మదిగా ప్రసరింపజేయును. నీరు గాలికంటె ఇరువది రెట్లకు మించి వేగముగా వేడిని ప్రసరింపజేయును. గుడ్డ తడిసినప్పుడు గాలి యుండవలసిన చోట నీరు చేరును, ఆ నీరు వెంటనే ఆవిరియై వ్రేళ్లను కాల్చును. అందుచే తుడుచు గుడ్డ వేరు, పట్టుకొను గుడ్డ వేరుగా నుండవలెను. రెండింటిని రెండు రంగుల బట్టతో కుట్టుట మంచిది. తొందరలో చేతికందినది చేతికందినట్లే తీసికొందుము గదా! కాలిన వెంటనే ఆ భాగమును చల్లని పారు నీటిక్రింద ఇరువది నిముషములుంచవలెనని వైద్యులు చెప్పుదురు. ఆనాడు నా పాదమునకు సిరా పూసినారు. అది చేయదగినది కాదు.

ఇక బట్ట యెచ్చట లభించును? ఈ విషయమున మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములవారు అదృష్టవంతులే. శ్రీకాకుళము పట్టణము ఒకప్పుడు సన్నని మస్లిను వస్త్రములకు ప్రసిద్ధిచెందినది. 1641లో అచ్చట జామియా మసీదును నిర్మించినది గోలకొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాను. పరిపాలన సాగించినవారి భాష ఒకటి, నేత నేసినవారి భాష వేరొకటి యైనను బట్ట ఇద్దరికిని ఒక్కటే. ఆ మస్లిను నేత క్షీణించినను, అదే జిల్లాలోని పొందూరు సన్న ఖద్దరు నిలిచినది. కొండ పత్తి, పునాస పత్తి అను పొట్టి పింజ ప్రత్తిని వాలుగ చేప దవడ యెముకతో దువ్వి, శుభ్రపరచి, చేతి రాట్నముపై నూరవ నెంబరు నూలు తీయు నేర్పు పొందూరు స్త్రీలది. ఆ చేప దవడలోని సన్నని పండ్లు ప్రత్తిపోగులను తెగనీయక చిక్కు విడదీయును. గాంధీజీ ఈ ఖద్దరును మెచ్చుకొనుటయు, 1949లో అచ్చట ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడుటయు మన పెద్దలెరిగిన విషయములే.

కొత్త పొందూరు పంచెను కత్తిరించి వంటింటి గుడ్డ కుట్టుమని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పినచో నేసినవారు నన్ను క్షమింపరు. కాని తాతగారి చిరిగిన పంచెలో అంచులు శిథిలమైనను నడిమి భాగము గట్టిగా నుండును. పలుమార్లు ఉతికిన నూలు మెత్తబడి నీటిని త్వరగా పీల్చును. గంజి, రంగు, ముడుచుకొను గుణము అన్నియు ఏనాడో వదలిపోయినవి. వంటింటికి అంతకంటె తగిన బట్ట కొత్త దుకాణమున దొరకదు. సన్నని పంచె వాసెనకు, వడపోతకు పనికివచ్చును. ముతక దుప్పటి, పాత తువ్వాలు మసిగుడ్డకు పైపొరలగును. కొత్త బట్టయే వాడవలసివచ్చినచో దానినొక రాత్రి నానబెట్టి, ఉతికి, ఆరవేసి, ఇస్త్రీ చేసిన పిదపనే కత్తెర పెట్టుడు. లేనియెడల మొదటి ఉతుకుననే ముడుచుకొని వస్తువు వంకరపోవును.

మసిగుడ్డను కుట్టు విధానమిది. ముతక బట్టలో తొమ్మిదంగుళముల చదరములు రెండు, పాత పంచెలోగాని చీరలోగాని ఏడుముప్పాతిక అంగుళముల చదరములు నాలుగు కత్తిరింపుడు. ఆరంగుళముల పొడవు, అంగుళమున్నర వెడల్పుగల పట్టీని నిలువునా మడిచి కుట్టి ఉచ్చు సిద్ధము చేయుడు. పెద్ద చదరములను మంచిప్రక్కలు ఒకదానికొకటి ఎదురుగా ఉంచి, ఉచ్చును ఒక మూలలో రెండింటి నడుమ లోపలివైపు తిరిగియుండునట్లు అమర్చి, అరంగుళము విడిచి మూడు ప్రక్కలు కుట్టవలెను. ఉచ్చు లోపలికుండుట చూచి క్రొత్తవారు తప్పనుకొందురు. తిరగవేసినప్పుడు అదే బయటికి వచ్చును. మూలలలోని అదనపు గుడ్డను ఏటవాలుగా కత్తిరించి, సంచివలె తిరగవేసి, లోపల నాలుగు పొరలను సమముగా దూర్చి, నాలుగవ ప్రక్కను లోపలికి మడిచి సన్నని కుట్టుతో మూయుడు. ఆ సన్నని మడత కుట్టునే ఉర్దూలో తుర్పాయీ అందురు. వెనుకకు మరలి వేయు గట్టి కుట్టు బఖియా. నాలుగు ప్రక్కలలో నేను బఖియానే మేలనుకొందును, ఏలనన మసిగుడ్డను లాగుటయు, పిండుటయు, విదిలించుటయు నిత్యకృత్యము.

పొరలు జారకుండ పైనుండి అడ్డుదిడ్డముగా కచ్చా కుట్టు వేయవలెను. ఇచ్చట ఒక పొరపాటు సాధారణము. మన యిండ్లలో పాతచీరలతో బొంతలు కుట్టునపుడు కుట్లను మిక్కిలి దగ్గరగా వేయుదురు. బొంత పదియేండ్లు మన్నవలెను గనుక అది సరియే. మసిగుడ్డకు మాత్రము వరుసకు వరుసకు నడుమ రెండంగుళములైనను విడువుడు. ప్రతి కుట్టును పొరలను నొక్కి ఆచోట గాలిని వెళ్లగొట్టును. కుట్లు ఎంత దట్టమో వేడి అంత త్వరగా దాటును. కుట్టుట ముగిసిన పిదప వేడి గిన్నెను దానితో పట్టుకొని, నేలకు దగ్గరగా, పదివరకు లెక్కింపుడు. అంతలో వేడి తెలిసినచో మరి రెండు పొరలు కావలెను. అటులని పది పొరలు పెట్టుటయు తగదు. మందము హెచ్చినకొలది తపేలా అంచు పట్టు చిక్కక జారును. అందుచే అంచు పట్టుకొనుటకు ఆరు పొరల జత, దింపిన గిన్నె అడుగున ఉంచుటకు ఎనిమిది పది పొరల ముక్క ఒకటి, వేరువేరుగా కుట్టుకొనుట ఉత్తమము.

రెండు మసిగుడ్డలను ఒక పొడవైన పట్టీతో కలిపి జోడు చేయుట పత్రికలలో బొమ్మలుగా వచ్చుచుండును. చూచుటకు ముచ్చటగా నుండును. నేనును ఒకటి కుట్టితిని. కాని గిన్నె ఎత్తునపుడు నడిమి పట్టీ క్రిందికి వ్రేలాడి మంటవైపు పోవుచున్నది. కట్టెల పొయ్యిపై నది సాక్షాత్తు వత్తియే! రెండు విడిగుడ్డలే మేలని తలచి దానిని మధ్యకు కత్తిరించితిని. ఈ సందర్భమున మరియొక మాట. మన తల్లులు నేలపొయ్యి ముందు పీటపై కూర్చుండి వండినప్పుడు మంట మోకాలి క్రింద నుండెడిది. 1999లో రాష్ట్రమున దీపం పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల యోజన వచ్చినమీదట గ్యాసుపొయ్యి పల్లెలకును చేరినది. పొగ పోయినది, అది గొప్ప మేలు. అయితే పొయ్యి గట్టుమీదికి ఎక్కినది, మంట నడుము ఎత్తునకు వచ్చినది. చీర చెంగుగాని ఓణీగాని దుపట్టాగాని తగులుటకు అది సరియైన ఎత్తు. మసిగుడ్డ చేతికి దగ్గరలేనప్పుడు చెంగుతోనే గిన్నె దింపు అలవాటు ఎన్నో యిండ్లలో కలదు. చెంగు నైలానుదో, పాలియెస్టరుదో అయినచో ఏమగునో పైన చెప్పియుంటిని. నాలుగు పాతముక్కలతో ఒక గంటలో కుట్టిన గుడ్డ ఆ అలవాటును మాన్పగలదు.

ఇక వాసెన. జాడీ మూతికిగాని కుండ మూతికిగాని బిగించికట్టు గుడ్డకు ఈ పేరు. నేటి విద్యార్థులలో కొందరు ఈ మాట వినియుండరేమో. వేసవిలో ఆవకాయ, మాగాయ పెట్టిన యింట ఈ గుడ్డ లేక పని సాగదు. మూత గట్టిగా బిగించినచో జాడీలోని తేమ ఆవిరియై మూతకు తగిలి, బొట్లుగా మరల పచ్చడిలో పడును. ఆ బొట్టు పడినచోటనే బూజు మొదలగును. వాసెన గుడ్డ తేమను బయటికి పోనిచ్చి, దుమ్మును, చీమలను, ఈగలను లోనికి రానీయదు. కుండలో నీళ్లుపోసి మూతికి వాసెన కట్టి, దానిపై పిండియుంచి ఆవిరికి కుడుములు వండుటయు ఇదే సూత్రముచే సాధ్యమగుచున్నది. గుడ్డ ఆవిరిని పైకి పోనిచ్చును, పిండిని క్రిందికి పోనీయదు.

దీనికి తెల్లని సన్న నూలుబట్టయే కావలెను. రంగుబట్ట పనికిరాదు. నూనె, ఉప్పు, పులుపు తగిలినచో రంగు పచ్చడిలోనికి దిగును. చదరపు ముక్కను త్రాడుతో కట్టుట పాతపద్ధతి. మూలలు వ్రేలాడి నూనె పీల్చుకొని చీమలకు నిచ్చెనలగును. గుండ్రముగా కత్తిరించి నాడా దూర్చినచో ఆ చిక్కు లేదు. జాడీ మూతి అడ్డుకొలత ఆరంగుళములనుకొందము. మెడ క్రిందికి మూడంగుళములు దిగవలెను, నాడా గొట్టమునకు ఒక అంగుళము కావలెను. ఇరుప్రక్కల నాలుగేసి అంగుళములు చేరినచో మొత్తము అడ్డుకొలత పదునాలుగంగుళములు. పదునాలుగున్నర అంగుళముల చదరమును నాలుగు మడతలు పెట్టి, మడతలు కలిసిన మూలలో దారపు కొసను బొటనవ్రేలితో అదిమి, ఏడంగుళముల దూరమున సుద్దముక్క కట్టి చాపము గీయుడు. ఆ గీతపై కత్తిరించి విప్పినచో నిండు వృత్తము వచ్చును. రేఖాగణితమున అంతగా ఆసక్తి లేని మిత్రులు ఒకసారి ఈ విధముగా ప్రయత్నింపుడు!

గుండ్రని అంచును మడుచుట చదరపు అంచువలె సులభము కాదు. బయటి చుట్టుకొలత నలువదినాలుగంగుళములైనచో, ఒక అంగుళము లోపలి చుట్టుకొలత దాదాపు ముప్పదియెనిమిదే. ఆ ఆరంగుళముల తేడాయే మడతలో ముడుతలుగా లేచును. కావున మడుచుటకు ముందే అంచువెంబడి ఒక కచ్చా కుట్టువేసి, దారమును మెల్లగా లాగినచో అంచు తానే లోపలికి ఒదిగి కూర్చుండును. అప్పుడు కొసను సన్నగా లోపలికి దోపి, ముప్పాతిక అంగుళపు గొట్టము మిగులునట్లు కుట్టి, నాడా దూర్చుటకు అరంగుళము సందు విడువుడు. నాడా గజమున్నర పొడవుండవలెను. గుడ్డను విప్పి పరచినపుడు అది లోపలికి పోకుండ ఆ పొడవు కావలెను. వాసెనను ఎండలో నిలువున ఎండబెట్టి, చల్లారిన పిదపనే జాడీకి కట్టుడు. రెండు గుడ్డలుండి మార్చుకొనుచున్నచో ఇంకను మంచిది.

వడపోత సంచిని గురించి విస్తరింపను. పదునాలుగంగుళముల చదరమును మూలకు మూల చేర్చి త్రికోణముగా మడిచి, ఒక ప్రక్క కుట్టి, రెండవ ప్రక్క నోరుగా విడిచినచో గరాటువంటి సంచి వచ్చును. కొబ్బరిపాలు, చింతపండు రసము, వ్రేలాడగట్టు పెరుగు అన్నింటికిని పనికివచ్చును. గమనింపవలసినది కుట్టు. ముందు గుడ్డ వెలుపలివైపున పావంగుళము విడిచి కుట్టి, అంచులను సన్నగా కత్తిరించి, సంచి తిరగవేసి, ఆ అంచులు లోపల బందీయగునట్లు మరల కుట్టవలెను. దీనివలన ఊడిన పోగు పెరుగులో పడదు. పులుపు పిండిన సంచిని తీపికి వాడరాదని మా యింట నియమము. మీ యింట ఎట్లో!

చుట్టకుదురు కొరకు ఈ రెండు జిల్లాల గోగునార మిక్కిలి అనుకూలము. గోంగూర గోగు జాతి ఆకేయని తెలిసినవారు అనేకులు. ఆ కాండమునుండి వచ్చు నార గోనెసంచియగునని తలచువారు తక్కువ. పూత సమయమునకు కోసిన కట్టెలను చెరువులో ఊరవేసి నార తీయునపుడు వచ్చు కంపు మన పల్లెలలో ఎరుగనివారు లేరు. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా స్థానము ఈ పంటపైననే కృషి చేసినది. 1920లో నెలిమర్లలో జనపనార మిల్లు వెలసినది. ఆ నారను జడవలె అల్లి, ఏడెనిమిదంగుళముల అడ్డుకొలతగల వలయముగా చుట్టి, దారముతో బిగించి, పైన పాతచీరనుండి ఏటవాలుగా కత్తిరించిన రెండంగుళముల పట్టీని చుట్టుకొనుచు వచ్చి కొసను కుట్టివేయుడు. ఏటవాలు పట్టీయే ఏలనన, నిలువు పట్టీ వంపులో ముడుత పడును. ఏటవాలుది సాగి ఒదుగును. నార లేనిచో పాత గోనెసంచి చాలును, కాని మిల్లులో నారకు నూనె పట్టింతురు గనుక దానిని వేడినీటిలో రెండుమార్లు ఉతుకుడు. ఎరువులు, పురుగుమందులు పోసిన సంచులను ఎంత ఉతికినను వంటింటికి తేరాదు. ప్లాస్టిక్కు అల్లిక సంచి వేడి గిన్నె క్రింద కరగును, దానిని తలపెట్టనే రాదు.

చివరిది దస్తర్‌ఖాన్. నేలపై పరచి, చుట్టును కూర్చుండి భుజించు ఈ పొడవాటి గుడ్డ ముస్లిముల యిండ్లలో అతిథి మర్యాదకు ఆనవాలు. రంజాను దినములలో ఇఫ్తారు వేళ ప్రక్కయింటి ఖాలా దానిని విప్పు శబ్దము మా గోడకు ఇవతల వినబడెడిది. ఇరువురు ఎదురెదురుగా కూర్చుండుటకు రెండడుగుల పొడవు చాలును. ఎనమండుగురికి ఎనిమిదడుగులు, కొసలకొక అడుగు కలిపి మూడు గజములు. వెడల్పు గజము. రెండు పాతచీరల మంచి భాగములను కలుపునపుడు అతుకు పొడవునా నడుమ రాకుండ అడ్డముగా ఒకచోట వేయుడు. నిలువు అతుకుపై గిన్నె నిలువక ఒరగును. చుట్టును ముప్పాతిక అంగుళము మడిచి తుర్పాయీ వేసినచో చాలును. మూలలలో రెండు మడతలు ఒకదానిపై ఒకటి పడి దిమ్మెకట్టకుండ, మూలను ముందుగా ఏటవాలుగా లోపలికి మడిచి, పిదప రెండు ప్రక్కలు మడువుడు.

దస్తర్‌ఖానుకైనను, మసిగుడ్డకైనను పసుపు మరకయే ప్రధాన శత్రువు. సబ్బు పెట్టగానే మరక ఎర్రబడుట చూచి కొందరు భయపడుదురు. సబ్బులోని క్షారమువలన పసుపు రంగు మారుటయే అది, మరక హెచ్చుట కాదు. బాగుగా జాడించి ఎండలో ఆరవేయుడు. పసుపులోని రంగుపదార్థము వెలుతురునకు నిలువదు గనుక రెండుమూడు ఎండలకు చాలవరకు పోవును. నూనె మరకలున్న మసిగుడ్డను మాత్రము వారమునకొకసారి ఉడుకునీటిలో సోడావేసి నానబెట్టక తప్పదు. నూనె పీల్చిన గుడ్డకు నిప్పు త్వరగా అంటును. నలుపు పోకున్నను చింతలేదు, జిడ్డు పోయినచో చాలును.

మన కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న మనవి. కుట్టుపని పోటీలు జరుపునపుడు వంటింటి గుడ్డకును ఒక బహుమతి ఏర్పరచి, దానిని చూపుతో గాక పరీక్షతో నిర్ణయింపుడు. మరుగునీళ్ల గిన్నెను పట్టి పది లెక్కించుట, దారమును కాల్చి చూచుట చాలును. పూలు కుట్టనివారికిని అప్పుడొక అవకాశము కలుగును.

కుట్టిన గుడ్డను తగిలించు మేకును గురించి చెప్పుట మరచితిని. మా నాయనమ్మగారు మేకును పొయ్యికి కుడిప్రక్కన, చేయి చాచిన అందునంత దూరమున, మంటకు ఎగువగాక ప్రక్కకు కొట్టించినారు. గ్యాసుపొయ్యి గట్టున్న యిండ్లలోను అట్లే కొట్టుడు. పొయ్యికి సూటిగా పైన కొట్టినచో గుడ్డ తీయబోవు చేయి మంటమీదుగా పోవలసివచ్చును.